సిస్టరమ్మ వార్డుల ఆరుగురు

ఇది రాయకుండ ఊకుందామనే అనుకున్న. పోయినోళ్ళ మీద రాసేటియి చదివితే అందరు ఒక్కతీరే కనిపిస్తరు, అందరు నవ్వుకుంట పలకరిస్తరు, పడ్డోళ్ళను చెయ్యిచ్చి లేపుతరు. మా ఎదురింటి సిస్టరమ్మ నవ్వుకుంట పలకరించే రకం కాదు. పైగా ఆమె గురించి రాయాల్నంటే నేను చేసిన ఒక పని గురించి కూడ రాయాల్సి వస్తది. దానికి భయపడే ఇన్ని దినాలు పెన్ను జోలికి పోలే. ఇప్పుడు కూడ కుదురుగ కూసున్ననని అనుకోకుండ్రి. ఈ నాలుగు లైన్లు రాసేలోపట రెండుసార్లు లేచి గేటు దాక పోయొచ్చిన.

కబురు వచ్చినప్పుడు నేను రైతుబజార్ల బెండకాయలు ఏరుతున్న. ఫోన్ సిస్టరమ్మ చెల్లెలిది. "అన్నా, అక్క పొద్దుగాల ఆరింటికి పోయింది" అన్నది. "ఆఁ" అన్న. ఫోన్ జేబుల పెట్టుకొని ఇంకో పావుకిలో ఏరిన. తూకం వేయించి, సంచి ఆడనే మర్చిపోయి, ఎండల ఎల్బీనగర్ చౌరస్తా దాక నడుసుకుంట వచ్చిన. బస్సు అనేదొకటి ఉంటదని యాదికి రాలే.

ఆమెకు పేరు లేక సిస్టరమ్మ అంటలేను. కాలనీల ఎవ్వరం ఆ పేరుతోని పిల్వలే. ముప్పై నాలుగేండ్లు దవాఖానల నర్సుగ చేసింది. వాళ్ళది నల్లగొండ దిక్కు పల్లె, క్రైస్తవుల కుటుంబం. ఊరి దగ్గర మిషన్ దవాఖానల ఆమె తల్లి వార్డులు ఊడ్చేది. బిడ్డ అదే వార్డుల సూది పట్టేదాక తల్లి చీపురు వదల్లేదట. సిస్టరమ్మ పెండ్లి చేసుకోలే. ఎందుకని అడిగినోళ్ళకు "డ్యూటీ పడలే" అని జవాబు. అడిగినోళ్ళు ఇంకోసారి అడగకపోయేది.

నా సంగతి కూడ రెండు ముక్కలు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ వెనక గల్లీల ఒక్క గది దుకాణంల నలభై ఏండ్లు ప్యాంట్లు కుట్టిన. బడికి పోయింది మూడో తరగతి దాకనే. కటింగ్‌కని పాత పేపర్లు కిలోల లెక్క తెచ్చేది, బల్ల మీద పరిచి కత్తెర పెట్టేముందు చదివేది. అట్ల చదువుకున్నోణ్ణి, అందుకే నాకు ఏ సంగతైనా సగమే తెలుసు, మిగతా సగం ఎవరిదో నడుముల పోయింది. ఇంకో గుణం, కొలతలు తీస్కుంట మాట్లాడుడు. గిరాకీ నిలబడి ఉంటడు, వానికి పోనీకె దారి ఉండదు, నేను చెప్తనే ఉంట. మాట్లాడుడు బాగొచ్చింది గని ఇనుడు రాలే. ఈ గుణమే ఇంకొంచెంసేపటికి మీకు పనికొస్తది, అందుకు చెప్తున్న.

రిటైరైన మొదటి నెల సిస్టరమ్మ కాళ్ళు ఒక్కకాడ నిలువలే. ఉతికిన బట్టలే మళ్ళ ఉతికేది. గేటు బయట అటు పది, ఇటు పది అడుగులు. మా ఆవిడకు దినాం మూడుసార్లు బీపీ చూసేది, మూడోసారికి మా ఆవిడకు నిజంగనే పెరిగింది. ఆ రోజులల్లనే ఒకనాడు అద్దాలు మార్పించుకుందామని దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, పన్లపని నా దుకాణంకొచ్చి సంచికి జిప్ ఏయమన్నది. ఏసి, చాయ్ తాగుదామని బయటికొచ్చినం. చాయ్ హోటల్ పక్కన అక్వేరియంల దుకాణం. నేను చాయ్ చెప్పొచ్చి చూస్తే ఆమె అద్దం ముందల వంగి ఉంది.

పైన గోల్డ్‌ఫిష్‌లు తిరుగుతున్నయి, జనం అంత వాటినే చూస్తున్నరు. ఈమె చూసేది అడుగున. ఒక్కటే ఒక్క చేప, బొటనవేలంత, ఒంటి మీద నల్ల చుక్కలు, నోటికి మీసాలు. రంగురాళ్ళల్ల మూతి పెట్టి కెలుకుతున్నది. మనోళ్ళు చెరువుల పట్టే జెల్లకు దూరపు చుట్టం, క్యాట్‌ఫిష్ జాతే. దుకాణంల కోరీ అంటరు.

దుకాణపాయన గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాయన. "అవి క్లీనింగ్‌కండి" అన్నడు. "అడుగున పడ్డ తిండి తినేస్తాయి. నాలుగు గోల్డ్‌ఫిష్ తీసుకోండి, దీన్ని ఊరికే ఇచ్చేస్తాను."

"ఊరికెనా?"

"ఊరికేనండి. దాన్ని విడిగా ఎవరు కొంటారు?"

సిస్టరమ్మ నడుం నిలబెట్టింది. "గిసుంటివే ఆరు ఇయ్యి. పైసలు తీస్కోని ఇయ్యి."

"పైన తిరగడానికి ఏవన్నా వద్దాండీ? ఖాళీగా ఉంటుంది."

"ఉండనీ."

ఆ మాట ఎందుకన్నదో చానా రోజుల తర్వాత చెప్పింది, అది కూడ ఒక్కసారే. వాళ్ళ అమ్మ ముప్పై ఏండ్లు ఊడ్చిన వార్డుల స్టాఫ్ అందరు నిలబడి ఫోటో దిగిండ్రట. అమ్మను పిల్వలే. ఫోటోల అమ్మ చీపురు మాత్రం ఒక మూలకు కనిపిస్తదట.

ఇగ కాలనీల కథ మొదలైంది. క్యాట్‌ఫిష్ అనంగనే మన దగ్గర ఏం యాదికొస్తదో తెలుసు గదా. కోళ్ళ వ్యర్థాలు ఏసి దొంగతనంగ పెంచే నిషేధం చేప, పోలీసులు, గుంతలు పూడ్చుడు. సిస్టరమ్మ ఇంట్ల క్యాట్‌ఫిష్ పెంచుతున్నదని పుకారు మీర్‌పేట్ దాక పోయింది. కాలనీ అధ్యక్షుడు వచ్చిండు. ఒకప్పుడు ఈ జాగంత వాళ్ళ జొన్నచేనే, ఇప్పుడు ప్లాట్ల యాపారం.

"సిస్టరమ్మా, కేసయితది. నాకు కూడ మాటొస్తది" అన్నడు గుమ్మంలనే నిలబడి.

"లోపలికొచ్చి చూడు పటేలా."

పటేలు చేపల అద్దం పెట్టె ముందల కూలబడి చూసిండు. చానాసేపు చూసిండు. "గింతేనా?" అన్నడు. "గింతదానికి గంత పేరెందుకు పెట్టిండ్రు?" కేసు సంగతి మర్చిపోయి అర్ధగంట కూసుండి పోయిండు.

మా ఆవిడ మాత్రం కరగలే. "జెల్లలు తెస్తే పులుసన్న పెడ్తుంటి. గివి ఎందుకు పనికొస్తయి?"

"చూడనీకె వదినా."

"చూడనీకె ఈయన ఉన్నడు గదా. నలభై ఏండ్ల సంది చూస్తనే ఉన్న, ఎందుకు పనికొచ్చిండు?"

సిస్టరమ్మ పెంచే తీరు వేరు. మొదటి వారమే ఒకదాని మీసం కొస అరిగిందని కనిపెట్టింది. రంగురాళ్ళ అంచులు కోస్తున్నయని మొత్తం తీసి బయట పారేసింది. గల్లీల ఇల్లు కట్టేటోళ్ళ ఇసుక కుప్ప కాడికి పోయి గుప్పెడు తీసి మోచెయ్యి లోపలి దిక్కు రుద్దుకున్నది. "ఇది రాక్‌శాండ్, గీరుతున్నది" అని పారేసింది. మూడు గల్లీలు తిరిగి, నాలుగో కుప్ప కాడ రుద్దుకొని, "ఆఁ, ఇది వాగు ఇసుక" అన్నది. దాన్ని జల్లెడ పట్టి, బియ్యం కడిగినట్టు ఇరవైసార్లు కడిగింది. మేస్త్రీ నోరు తెరిచి చూస్తుండె. నేను తట్ట మోస్తున్న.

నల్లా నీళ్ళు సక్క పొయ్యకపోయేది. వాటిల కలిపే మందు చేపలకు పడదని ఒక దినం మూత తీసి డ్రమ్ముల ఉంచేది. అద్దానికి పక్కన పొడుగు రిజిస్టర్ ఏలాడుతుండేది. చేపలకు పేర్లు పెట్టలే, నంబర్లు పెట్టింది. "బెడ్ ఒకటి బాగ తిరుగుతున్నది. బెడ్ నాలుగు తిండి ముట్టలే, రేపు చూడాలె. నీళ్ళ వేడి ఇరవై ఆరు." దినం తప్పకుంట గిట్ల. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు.

నాకు ఎప్పుడు అంటుకుందో చెప్పలేను. దుకాణం బంద్ చేసినంక నేను కూడ గేటు దాక, గేటు నుంచి తిరుగుడు మొదలుపెట్టిన. సాయంత్రం ఐదుకు ఊరికె పోయి ఆమె ఇంట్ల స్టూలేస్కొని కూసునేది. పెండ్లిల కూడ బువ్వ బంతి దాక కూసోలేనోణ్ణి, ఆడ గంట కూసునేది. ఆ చేపలు కూడ నా లెక్కనే, ఒక్క నిమిషం ఊకుండవు. ఇసుకల మూతి పెట్టి ఈ కొసకు, మళ్ళ ఆ కొసకు. ఒకనాడు ఒకటి ఆగి, నా దిక్కు చూసి, సక్కగ కన్ను కొట్టింది.

"సిస్టరమ్మా, గిది నాకు కన్ను కొడుతున్నది."

"అందరికి కొడ్తది. నీకొక్కనికే అనుకోకు."

తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌ల ఉన్న చేపల దుకాణాలన్ని తిరిగిన. అద్దానికి నోరు పెట్టి అతుక్కునేటివి, తల్లకిందులుగ ఈదేటివి, అన్ని మీసాల జాతే. తల్లకిందులది ఒకటి తెద్దామన్న. "ముందు ఈ ఆరుగురి సంగతి సక్కగ నేర్చుకో" అన్నది. నేను ఏదన్న చెప్పబోతే ఆమె ఆపి అనే మాట ఒకటుండె. "నువ్వు చూసింది ముందు చెప్పు అన్నా. అనుకున్నది తర్వాత చెప్పు." వార్డుల డ్యూటీ మారేటప్పుడు అట్లనే చెప్తరట. పోయే నర్సు, వచ్చిన నర్సు ఇద్దరు ఒక్కొక్క మంచం కాడ నిలబడి అప్పజెప్పుకుంటరట. హ్యాండోవర్ అంటరు. అది ఇయ్యకుండ ఇంటికి పోతే వార్డును గాలికి ఇడిచిపెట్టి పోయినట్టేనట.

ఈ ఎండకాలం మొదట్ల ఆమె కాళ్ళు వాచినయి. చీలమండ మీద బొటనవేలుతోని ఒత్తి, పడ్డ గుంటను ఇంకొకరి కాలును చూసినట్టే చూసింది. గుండె పెద్దగయ్యిందన్నరు, చేరాల్నన్నరు. ఆటో గేటు ముందల ఆగింది. ఆమె మాత్రం అద్దం కాడ రిజిస్టర్ పట్టుకొని నిలబడ్డది. "రా అన్నా, హ్యాండోవర్."

ఒక్కటోది తిండి, ఎంత ఏయాల్నో చెప్పింది. రెండోది డ్రమ్ము నీళ్ళు. "మూడోది ఏందంటే, ఎండలు ముదిరినంక" అని మొదలుపెట్టింది. ఎండలు అనంగనే నాకు ఒక పెండ్లికొడుకు యాదికొచ్చిండు. నడి మే నెలల ఉన్ని సూటు కుట్టమని నా పానం తీసిండు, తలంబ్రాల కాడ కండ్లు తిరిగి పడ్డడు. పడ్డోణ్ణి లేపనీకె గుండీలు ఇప్పబోతే రెండో వరుసవి నేను ఉత్తగ సోకుకు కుట్టినయి, ఇప్పనీకె రావు. ఈ కథంత చెప్పిన. ఆటో డ్రైవర్ పడి పడి నవ్విండు. సిస్టరమ్మ గోడకు ఒక చెయ్యి ఆనించి, కథ అయ్యేదాక నిలబడ్డది. తర్వాత రిజిస్టర్ మూసి నా చేతుల పెట్టింది. "ఇందుల ఉంది, చదువుకో" అని ఆటో ఎక్కింది.

నేను చదవలే. రెండేండ్ల సంది ఆ అద్దం ముందల కూసున్నోణ్ణి, నాకేం చదువుడు అనుకున్న.

మూడో దినం ఎండ ఒక్కసారే ముదిరింది. పగటిపూట పోయి చూస్తే ఆరుగురు పైకి ఉరుకుతున్నరు. ఎప్పుడన్నొకసారి ఉరుకుడు నేను కూడ చూసిన్నే, గని ఇది అట్ల లేదు. ఒకటి పోయొస్తే ఇంకొకటి, నిమిషం నిమిషానికి. ఊపిరాడుతలేదు, సస్తున్నయి అనుకున్న. నీళ్ళు మార్చాల్నని బకెట్లు తెచ్చిన. డ్రమ్ము చూస్తే ఖాళీ, నింపుడు మర్చిపోయిన. అప్పుడే నల్లా వచ్చింది. ఒక్కసారికి ఏం కాదనుకొని, సగం కన్న ఎక్కువ నీళ్ళు తీసి, నల్లా పైపే పెట్టిన. మందు వాసన నాకు కూడ వచ్చింది. చేపలు ఉరుకుడు ఆపినయి. కుదుటపడ్డయని ఇంటికొచ్చి పన్న.

తెల్లారి రెండు సచ్చి ఉన్నయి.

దిల్‌సుఖ్‌నగర్ పోయి అదే దుకాణంల అదే సైజువి రెండు తెచ్చిన. దుకాణపాయన ఒక్క మాటల పట్టేసిండు. "నల్లా నీళ్ళు డైరెక్టుగా పోసేశారాండీ? పైకొచ్చి గాలి మింగడం వాటి అలవాటండి. ఎండలకి ఎక్కువసార్లు వస్తాయి. ఓ టేబుల్ ఫ్యాను పెడితే సరిపోయేది." పైసలిచ్చి కవర్ పట్టుకున్న. మాట్లాడకుండ దుకాణంల నుంచి బయటికొచ్చింది నా బతుకుల అదొక్కసారే అనుకుంట.

దవాఖానల ఆమె నా ఫోన్ తీసుకున్నది. నేను ఆరుగురు కనిపించేటట్టు వీడియో తీసి పట్టుకపోయిన. చూసింది. మళ్ళ చూసింది.

"ఆపు. ఈ ఇద్దరు ఎవరు?"

"ఎవరంటే?"

"మనోళ్ళు కాదు. వీళ్ళ మీసాలు అరిగి ఉన్నయి. మనోళ్ళవి నేను వాగు ఇసుక మీద పెంచిన."

చెప్పిన. పెండ్లికొడుకు కథ చెప్పినంత పొడుగ్గ చెప్పబోయిన, చెయ్యి ఎత్తి ఆపింది.

"ఏం చూసినవ్?"

"ఊపిరాడక..."

"చూసింది చెప్పు. పైకొచ్చి ఆడనే నిలబడ్డయా, ఒక్కసారి మింగి కిందికి పోయినయా?"

"మింగి కిందికి పోయినయి."

"ఇసుక కెలికినయా?"

"కెలికినయి."

ఆమె ఫోన్ దుప్పటి మీద బోర్ల పెట్టింది. నన్ను తిట్టలే. తిడితే బాగుండు. కొంచెంసేపు ఊపిరి తీసుకొని, "నేను కొత్తగ చేరినప్పుడు ఒక తప్పు చేసిన" అన్నది. "మనిషి బతికిండు, ఎవ్వరికి తెల్వలే, నేను రాయలే. నా చేతుల మీద నయమైపోయినోళ్ళు ఎందరున్నరో, ఒక్కరు యాదికి లేరు. ఆయన మాత్రం ఇప్పటికి ఉన్నడు, ఏ అంగీ తొడుక్కున్నడో కూడ చెప్తా." మళ్ళ ఊపిరి. "పోయి పుస్తకంల రాయి అన్నా. జరిగింది జరిగినట్టు."

ఇంటికొచ్చి రిజిస్టర్ తెరిచిన. ఆమె గుండ్రటి అక్షరాలల్ల మూడోది ఉంది. ఎండలు ముదిరినంక గాలి మింగనీకె మాటిమాటికి పైకొస్తరు, పరేషాన్ గావద్దు, ఫ్యాను పెట్టాలె. దాని కింద తేదీ ఏసిన. "నీళ్ళు మార్చిన" అని రాసి పెన్ను మూసిన. ఇంకొక్క అక్షరం రాలే. మూడో తరగతి చదువు మీద నెట్టేద్దామంటే అది కూడ కుదరదు, నలభై ఏండ్లు కొలతలు తప్పకుండ రాసినోణ్ణి.

రెండు దినాల తర్వాత మళ్ళ పోయిన. మొహం మీద ఆక్సిజన్ మాస్కు. జరంత జరిపి అడిగింది. "రాసినవా?"

"రాసిన."

థర్మామీటర్ను చూసినట్టు నా మొహం చూసింది. "సరే" అని మాస్కు పెట్టుకున్నది. ఆమె నాతోని అన్న ఆఖరి మాట అదే. ఆ తర్వాతి పొద్దే బెండకాయల కాడ ఫోన్ వచ్చింది.

సమాధుల తోటల ప్రార్థన జరుగుతుంటే నేను నిలబడలేకపోయిన. గోడ పొంటి అటు ఇటు తిరిగిన. చర్చి పెద్దమనిషి ఒకాయన కుర్చీ తెచ్చి ఏసిండు, రెండు నిమిషాలు కూసుండి మళ్ళ లేచిన. ఆమె సేవ గురించి ఎవరెవరో చెప్పిండ్రు, అన్ని నిజాలే. చేపల సంగతి ఎవ్వరు ఎత్తలే. నన్ను కూడ రెండు మాటలు చెప్పమన్నరు. మాట్లాడే మోక ఎప్పుడు దొరుకుతదా అని చూసేటోణ్ణి, వద్దన్న.

ఇల్లు ఖాళీ చేసేనాడు ఆమె చెల్లెలు అద్దం చూపించి, "వీటిని చెరువుల ఇడిచిపెడదామా అన్నా?" అన్నది.

"వద్దమ్మా. ఇవి మన దిక్కు చేపలు కావు. చెరువుల బతికితే చెరువుకు ఆగం, బతకకపోతే వీటికి ఆగం. మీ అక్కనే చెప్పింది."

"మరి నువ్వు ఉంచుకుంటవా?"

"నాకిస్తే ఇంతకుముందు ఏమైందో నీకు చెప్పాలె" అని, చెప్పిన. ఈసారి పొట్టిగనే చెప్పిన. ఆమె ఇని, చీరకొంగుతోని అద్దం మీది దుమ్ము తుడిచింది. "నలుగురన్న ఉన్నరు గదా" అన్నది. నీళ్ళు సగం తోడి, అద్దం పెట్టెను ఇద్దరం మోసుకుంట గల్లీ దాటించినం. మా ఆవిడ ఏమన్న అంటదేమో అనుకున్న. టీవీ జరిపి జాగ చేసింది.

ఆ సాయంత్రం రాసిన. రెండు నా చేతులల్ల పోయినయి, నల్లా నీళ్ళు సక్క పోసిన, హ్యాండోవర్ల నేను మాట్లాడుకుంట నిలబడ్డ, ఆమె అడిగితే రాసిన్నని అబద్ధం చెప్పిన. అర పేజీ అయింది. రాస్తే మనసు తేలికైతదని ఎవరన్న అంటే నమ్మకుండ్రి. నాకు కాలే. అప్పటి సంది ఒక్కకాడ కూసుంటలేను, తింటుంటే కూడ పళ్ళెం పట్టుకొని లేచి పోతున్నవని మా ఆవిడ గులుగుతున్నది. ఇది కూడ అందుకే రాస్తున్న, ఆ రిజిస్టర్ చదివేటోళ్ళు ఎవ్వరు లేరు గనక.

ఈ పొద్దున బెడ్ మూడు పోయింది. పాత నలుగురిల ఒకటి. ఆరున్నరకు చూసిన, ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది. నిన్న సాయంత్రం తిన్నది. నీళ్ళ వేడి ఇరవై ఏడు, నీళ్ళు మార్చి నాలుగు దినాలు. ఇవన్ని రాసిన. కారణం తెల్వదని కూడ రాసిన. మా ఆవిడ గోరింట చెట్టు కింద చిన్న గుంత తీసింది. మిగిలిన ఐదుగురికి తిండి ఏసిన.